సేవాగాథల్లో కర్త ఎవరు? – ధర్మపురి నుంచి ఒక పఠనం

క్రైస్తవ మిషన్ల తరఫున పరదేశాలకు వెళ్లి అక్కడి జనానికి సేవ చేసినవారు రాసిన పుస్తకాలు, లేఖలు, నివేదికలు ఒక ప్రత్యేక వాఙ్మయం. భక్తులు వాటిని భక్తితో చదువుతారు. చరిత్రకారులు ఆధారాల కోసం చదువుతారు. గిట్టనివారు తప్పులు పట్టడానికి చదువుతారు. సాహిత్య విద్యార్థులు మాత్రం వాటి జోలికి అంతగా పోలేదు. ఇది లోటే. తెలుగు మాట్లాడే అట్టడుగు కులాల జీవితాన్ని దగ్గరగా చూసి రాసిన పందొమ్మిదో శతాబ్దపు గద్యంలో చెప్పుకోదగ్గ భాగం ఈ పుస్తకాల్లోనే ఉంది. అది ఇంగ్లీషులో ఉన్నా, పరాయివారి కలం నుంచి వచ్చినా, అందులో వినిపించే కథలు మాత్రం తెలుగువారు చెప్పినవి.

ఈ వ్యాసంలో ముఖ్యంగా రెండు పుస్తకాలను పరిశీలిద్దాం. ఒకటి, ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సోయింగ్ శాండల్స్'. రెండోది, ఆమె భర్త జాన్ ఎవరెట్ క్లౌ పేరుతో 1914లో, ఆయన మరణించిన నాలుగేళ్లకు వెలువడిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. అమెరికన్ బాప్తిస్టు మిషన్ పక్షాన 1865లో ఇండియాకు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడిన క్లౌ పరిచర్యే ఈ రెండింటికీ నేపథ్యం.

ఒంగోలు పుస్తకాలను ధర్మపురిలో కూర్చుని చదవడం ఎందుకు? ధర్మపురి అనగానే తెలంగాణ పాఠకులకు గోదావరి ఒడ్డునున్న నరసింహక్షేత్రం గుర్తుకొస్తుంది. నేను చెబుతున్నది పూర్వం తగడూరుగా పేరుపడిన తమిళనాటి ధర్మపురి. 1965లో సేలం జిల్లా నుంచి విడివడి ఇది జిల్లా అయింది. 2004లో హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు దీన్నుంచి విడిపోయి వేరే జిల్లా అయ్యాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం – ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇది మామూలు సంగతి. అలాంటి కుటుంబాల్లో అరుంధతీయులవి ఎన్నో ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2009లో అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం లోపలి వాటా ఇచ్చినప్పుడు ఏడు కులాల పేర్లు చేర్చింది. ఆ ఏడింటిలో 'మాదిగ', 'ఆది ఆంధ్ర' అన్నవి కూడా ఉన్నాయి. క్లౌ దంపతులు రాసింది ముఖ్యంగా ఒంగోలు మాదిగల గురించి. కాబట్టి ఇవి ఎక్కడో కోస్తా పుస్తకాలు కావు. మన పక్క వీధివారి బంధువుల కథలు.

ఆ బంధుత్వం తెలిసిన పాఠకుడు మొదటి పుస్తకం పేరు దగ్గరే ఆగిపోతాడు. దాని ఉపశీర్షికలో మాదిగలను 'తెలుగు పరయా తెగ' అన్నారు. పరయ అన్నది తమిళ దేశంలో ఒక కులం పేరు. దాన్ని ఇంగ్లీషువారు వెలివేయబడిన వారందరికీ సామాన్యనామం చేసుకున్నారు. మాదిగలు పరయలు కారు, తెగా కారు. కోస్తాలో ఉన్నవాడికి ఇది చిన్న పొరపాటుగా తోచవచ్చు. రెండు కులాలూ పక్కపక్క వాడల్లో, వేరువేరు మాటలతో, వేరువేరు దేవతలతో బతకడం చూసిన తమిళనాటి తెలుగు విద్యార్థికి అది చిన్నది కాదు. సేవ పొందేవాడి పేరు సేవ చేసేవాడి దేశంలో పాఠకులకు సులువుగా తెలియడం కోసం మారిపోయింది. ఈ వాఙ్మయంలోని మొదటి దోషం ఇది.

అయితే పుస్తకం పేరులోని తొలి సగాన్ని కూడా చూడాలి. 'చెప్పులు కుడుతూ ఉండగా' అంటే ఎవరు కుడుతూ ఉండగా? కథలు చెప్పినవారు. ఎమ్మా విన్నది వాళ్ల నోటి కథలే. మేరీ వోల్‌స్టోన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన విదుషి ఆమె. వినడం తెలిసిన మనిషి. అందుకే ఆమె పుస్తకంలో మతం మారిన తరవాతి జీవితంతో పాటు అంతకు ముందరి జీవితానికి కూడా చోటు దొరికింది. మాదిగల దేవతలు, గురువులు, వాడల్లో తిరిగిన భక్తిమార్గాలు అందులో కనిపిస్తాయి. మిషన్ పుస్తకాల్లో తరచుగా కనిపించే 'చీకటి నుంచి వెలుగుకు' అన్న చట్రంలో ఈ భాగం ఇమడదు. ఆ ఇమడకపోవడమే పుస్తకానికి బలం.

యర్రగుంట్ల పేరయ్య కథ ఇందుకు మంచి నిదర్శనం. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన పేరయ్య ముందే ఒక గురుమార్గంలో నడిచినవాడు. క్రైస్తవ బోధ మొదట ఆయన చెవిన పడింది క్లౌ నోటి నుంచి కాదు, వ్యాపారం కోసం ఉత్తరానికి వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నుంచి. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తరవాత తన ఊరి చుట్టుపక్కల పల్లెల్లో తానే బోధించి, జనాన్ని కూర్చి, క్లౌను పిలిపించుకున్నాడు. ఇక్కడ ఒక వ్యాకరణ ప్రశ్న వేసుకుందాం. 'క్లౌ మాదిగలకు సువార్త తెచ్చాడు' అన్న వాక్యంలో క్లౌ కర్త, మాదిగలు పుచ్చుకునేవారు. 'పేరయ్య క్లౌను పిలిచాడు' అంటే పేరయ్య కర్త, క్లౌ కర్మ. రెండు వాక్యాలకూ ఆధారాలు ఒకే పుస్తకంలో ఉన్నాయి. కానీ లోకంలో ప్రచారమైంది మొదటి వాక్యమే. సేవాగాథను విమర్శించడమంటే ఆ గాథలోనే అణగి ఉన్న రెండో వాక్యాన్ని పైకి తేవడం.

రెండో పుస్తకంలో కర్త ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అందులో 'నేను' అని మాట్లాడేది క్లౌ. రాసింది ఎమ్మా. ఆ జ్ఞాపకాల్లో చాలాభాగం తెలుగు బోధకులు ఆయనకు చెప్పినవి. అంటే ఒక్క 'నేను' వెనక కనీసం మూడు గొంతులున్నాయి. ఈ సంగతి గుర్తుంచుకుని పుస్తకంలోని కరువు ఘట్టం చదవాలి.

1876–78 నాటి ఆ కరువును తెలుగువారు 'ధాత కరువు' అన్నారు. తమిళులు 'తాదు వరుషత్తు పంజం' అన్నారు. ఒకే సంవత్సరం పేరు, రెండు భాషల్లో. ఇప్పటి ధర్మపురి అప్పుడు సేలం జిల్లాలో ఉంది. ఆ జిల్లా కూడా ఆ కరువుకు బాగా నలిగింది. కాబట్టి క్లౌ పుస్తకంలో ఆ ఘట్టం చదివే ధర్మపురి విద్యార్థి తన ముత్తాతల కాలాన్ని కూడా చదువుతున్నట్లే. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. మేస్త్రీల చేతుల్లో మాదిగలకు పనీ కూలీ సరిగా అందవన్న భయంతో క్లౌ కాలువలో కొంతభాగం తవ్వకానికి తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులను పనిమీద పెట్టాడు. కూలికి కూలి ఇచ్చాడు. సేవ అనే మాటకు ఇక్కడ దానం అన్న అర్థం లేదు. పని చూపడం, ఆ పనిలో అవమానం లేకుండా చూడడం అన్న అర్థం ఉంది. ఈ పుస్తకంలో ఈనాటికీ పనికొచ్చే పాఠం ఇదని నా అభిప్రాయం.

కరువు నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశం. తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య ప్రపంచమంతా తిరిగింది. నీళ్లలో దిగి, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఆ పని నిర్వహించింది ఆరుగురు తెలుగు బోధకులు. ఆ ఆరుగురి పేర్లు ఎందరికి తెలుసు? సంఖ్య కంఠస్థమైంది, చేతులు మరుగునపడ్డాయి. నిన్నటిదాకా ఊరి చావిడికి కూడా రానివ్వని మనుషులు అంత పెద్ద సమూహంగా ఎందుకు కదిలారన్నది అసలు ప్రశ్న. ఆకలి ఒక్కటే కారణమైతే కరువు తగ్గాక రావలసిన పని లేదు. దొర మాటే కారణమైతే పేరయ్య వంటివారి పదేళ్ల నడకకు అర్థం లేదు. సంఖ్యను తలచుకుని మురిసేవారూ, దాన్ని వెక్కిరించేవారూ ఇద్దరూ ఈ ప్రశ్నను దాటవేస్తారు. ఇద్దరి వాక్యాల్లోనూ మాదిగ కర్త కాడు.

ఆయన కర్త అయిన సందర్భం మరొకటి ఉంది. అది విదేశంలో. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి కోసం తెలుగు బాప్తిస్టుల హోం మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాకు పంపింది. మిషనరీని పుచ్చుకున్న సంఘమే నలభై ఏళ్లు తిరక్కుండా మిషనరీని పంపే సంఘమైంది. రంగయ్య కియర్‌స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం స్థాపించి, 1915లో చనిపోయేదాకా అక్కడి పనిలోనే ఉన్నాడు. ఆయనకు దుబాసీ అక్కరలేదు. కూలీల మాట ఆయన మాటే. అయితే విమర్శకుడు ఇక్కడ కూడా చూపు దించకూడదు. ఆ నేల జూలూలది. రంగయ్య పరిచర్య ముఖ్యంగా తన భాషవారి మధ్య సాగింది. భాష వంతెన అయినట్టే కంచె కూడా అయింది. మాతృదేశానికి దూరంగా ఉన్న మనకు ఆ కంచె సంగతి బాగానే తెలుసు.

ఇక నేటి సంగతి. పూర్వపు మిషనరీ జీవితకాలం ఉండేవాడు. ఇప్పుడు ఒక వారానికో రెండు వారాలకో బృందాలు వస్తాయి. వైద్య శిబిరం పెడతాయి, బడి గోడకు రంగు వేస్తాయి, పిల్లలతో పాటలు పాడిస్తాయి, ఫొటోలు తీసుకుంటాయి. వచ్చినవారిలో చాలామందికి మంచి మనసే ఉంటుంది. దాన్ని శంకించనక్కరలేదు. తిరిగి వెళ్లాక వారు రాసే నివేదికలను మాత్రం క్లౌ పుస్తకాలను చదివినట్టే చదవాలి. అందులో ఎన్ని వాక్యాలకు ఊరివారు కర్తలు? దుబాసీ పేరు ఉందా? శిబిరం ఎత్తేశాక బీపీ మందు ఎవరు ఇస్తారో రాశారా?

ఇది వట్టి వ్యాకరణ చర్చ కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డు కుల గుర్తింపు ఉంటుంది. క్రైస్తవం స్వీకరించిన అరుంధతీయుడికి ఆ గుర్తింపు పోతుంది, దానితో పాటు 2009లో వచ్చిన వాటా కూడా. వాడలో అంటరానితనం మాత్రం పోదు. ఇలాంటి చోట ఒక ఫొటో కింద పేరు, ఊరు వేసి 'ఇంతమంది ప్రభువును అంగీకరించారు' అని రాయడం రాసేవాడికి సాక్ష్యం కావచ్చు. ఫొటోలో ఉన్నవాడికి అది కుల ధ్రువీకరణ పత్రం, కూతురి కాలేజీ సీటు. అతని అనుమతి లేకుండా అతని జీవితాన్ని రాసే సేవ సేవ కాదు.

పోలిక కోసం మన జిల్లాలోనే మరో ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో సిట్టిలింగి లోయకు వచ్చిన వైద్య దంపతులు రెజీ జార్జ్, లలిత. వారిది మత ప్రచార సంస్థ కాదు. బయటినుంచి వచ్చినవారే గానీ వచ్చి వెళ్లిపోయినవారు కారు. స్థానిక గిరిజన స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేశారు. అక్కడ 'ఎవరు చేశారు' అని అడిగితే జవాబులో ఊరివారి పేర్లు కూడా వస్తాయి. మతం ఉన్నా లేకపోయినా సేవకు గీటురాయి ఇదే.

తెలుగు చదువుతున్న ఇక్కడి విద్యార్థులకు ఒక వసతి ఉంది. రెండు భాషలు వచ్చు కాబట్టి ఏ బృందం వచ్చినా దుబాసీ పని వారికే పడుతుంది. దుబాసీకి రెండు పక్కలా వినిపిస్తుంది. నివేదికలోకి ఎక్కని మాట అతనికే తెలుసు. ఎమ్మా క్లౌ చెప్పులు కుట్టేవారి పక్కన కూర్చుని విన్నది. నూట పాతికేళ్ల తరవాత ఆ వాడల పిల్లలే కాలేజీకి వచ్చి తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నారు. అవ్వలను, తాతలను అడిగి, వారి అనుమతితో, వారి మాటలోనే రాసిపెట్టడం ఇప్పుడు వారి చేతిలో ఉంది. ధాత కరువు గురించీ, మిషన్ బడి గురించీ, వచ్చి వెళ్లిన దొరల గురించీ ధర్మపురి తెలుగులో ఏం చెప్పుకున్నారో మన శాఖ గ్రంథాలయంలో ఒక్క పుస్తకమూ చెప్పదు. రాబోయే సెలవుల్లో ఎవరైనా ఆ పని మొదలుపెడితే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.