బిళ్లా? బిరుదా? – డిజిటల్ బ్యాడ్జీల ధ్రువీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలక పదాలు: డిజిటల్ బ్యాడ్జి, బిరుదు, ఆశ్వాసాంతగద్య, మెటాడేటా, ధ్రువీకరణ.

ఉపోద్ఘాతం

బ్యాడ్జి అన్న ఆంగ్లపదానికి తెలుగువారి వాడుకలో ఒకప్పుడు బిళ్ల అన్న మాట ఉండేది. కచేరీ బంట్రోతు డవాలీ మీద మెరిసే ఇత్తడి బిళ్ల అతడు ఏ కచేరీ మనిషో చెప్పేది. అతని సామర్థ్యాన్ని గురించి అది ఏమీ చెప్పేది కాదు, చెప్పవలసిన అవసరమూ లేదు. బిరుదు స్వభావం వేరు. అది ఒక సభలో, విన్నవారి ఎదుట, ఒక విద్యను నెగ్గించుకొన్న వ్యక్తికి దక్కేది. ఉద్యోగార్థులు, అధ్యాపకులు తమ అంతర్జాల పరిచయపత్రాలలో ప్రదర్శిస్తున్న డిజిటల్ బ్యాడ్జి ఆకారంలో బిళ్ల, ఆశించే గౌరవంలో బిరుదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాని ధ్రువీకరణ విధానం ఎంతవరకు పూడ్చగలదన్నది ప్రశ్న.

మొజిల్లా సంస్థ 2011లో మెకార్థర్ ఫౌండేషన్ తోడ్పాటుతో ఓపెన్ బ్యాడ్జెస్ ప్రయత్నాన్ని ప్రకటించింది. తరగతిగదికి వెలుపల, పట్టాలతో నిమిత్తం లేకుండా నేర్చుకొన్న విద్యకు కూడా గుర్తింపు కల్పించాలన్నది దాని ఆశయం. 2017లో ఈ ప్రమాణం నిర్వహణ ఐఎంఎస్ గ్లోబల్ సంస్థకు మారింది. ఆ సంస్థనే నేడు వన్ ఎడ్‌టెక్ అంటున్నారు. ఆశయం ఉదాత్తమైనదే. విమర్శ దాని మీద కాదు.

గద్య వంటి మెటాడేటా

డిజిటల్ బ్యాడ్జి చూడటానికి చిన్న బొమ్మ. ఆ బొమ్మ ఫైలులోనే ప్రదాత ఎవరు, గ్రహీత ఎవరు, ఏ అర్హతకు, ఏ తేదీన ఇచ్చారు అన్న సమాచారం ఇమిడి ఉంటుంది. బొమ్మ ఎక్కడికి వెళితే ఆ సమాచారమూ అక్కడికి వెళుతుంది. తెలుగు పరిశోధకునికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. ప్రబంధకవి ప్రతి ఆశ్వాసం చివర తన తండ్రి పేరు, బిరుదు, కృతినామం చెప్పుకొనే గద్య చేసిన పని ఇదే. ముఖపత్రం లేని తాళపత్రగ్రంథంలో, మొదటి ఆకులు చెదలు తిన్నా, ఏదో ఒక ఆశ్వాసాంతగద్య మిగిలితే కర్త ఎవరో తెలిసేది.

అయితే గద్యలో పేరున్నంత మాత్రాన విమర్శకులు ఊరుకోలేదు. క్రీడాభిరామం గద్య వినుకొండ వల్లభరాయని పేర ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి మాత్రం అది శ్రీనాథుని రచనే అని వాదించారు. అంగీకరించినవారూ ఉన్నారు, కాదన్నవారూ ఉన్నారు. ఏ పక్షంవారైనా తమ వాదానికి ఆధారాలు వెదకింది పద్యాలలోనే: శైలిలో, పలుకుబడిలో, పద్యాల పోలికలలో. గద్య ఒక ప్రతిపాదన మాత్రమే. దానిని నిలబెట్టవలసినా పడగొట్టవలసినా పైన ఉన్న ఆశ్వాసాన్నే చదవాలి. ఆ ఆశ్వాసం అందుబాటులో ఉండటం వల్లనే ఆ వాదం సాధ్యమైంది.

బ్యాడ్జి విషయంలో లోటు సరిగ్గా ఇక్కడే ఉంది. ఓపెన్ బ్యాడ్జెస్ ప్రమాణం ప్రకారం అర్హతకు కొలమానం ఏమిటో ప్రదాత తెలపాలి. గ్రహీత చేసిన పనిని చూపే రుజువు మాత్రం ఐచ్ఛికం. ఆ గడి ఖాళీగా ఉన్నా బ్యాడ్జి చెల్లుతుంది. ధ్రువీకరణ అని సాఫ్ట్‌వేర్ చేసేదంతా ఈ బ్యాడ్జిని ఫలానా సంస్థ ఫలానా వ్యక్తికి ఇచ్చింది, మధ్యలో ఎవరూ దిద్దలేదు, గడువు తీరలేదు అని తేల్చడం. వ్యక్తికి ఆ విద్య వచ్చునా అన్న ప్రశ్నను అది వేయనే వేయదు. ఆశ్వాసం లేకుండా గద్య ఒక్కటే చేతికి వచ్చినట్లు.

2020 లాక్‌డౌన్ నెలలలో వెబినార్ల పేరిట వెల్లువెత్తిన ఈ-సర్టిఫికెట్లను కళాశాల అధ్యాపకులు మరచి ఉండరు. పది బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమాధానాలు గుర్తిస్తే ధ్రువపత్రం మెయిల్‌కు వచ్చేది. సదస్సు విన్నారా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. వాటికి డిజిటల్ సంతకం జోడిస్తే నకిలీ పత్రాలు తగ్గేవి, నిజమే. కాని అసలు పత్రాల విలువ పెరిగేది కాదు. 2010 నాటి యూజీసీ నియమావళి ఏపీఐ అంకెలతో సదస్సులను, వ్యాసాలను లెక్కించడం అలవాటు చేసింది. ఆ అలవాటు ఉన్నచోట సరిచూడటానికి సులువైన పత్రం చదవవలసిన పనిని ఇంకా వెనక్కు నెడుతుంది. నష్టపోయేది పత్రాలు పోగుచేసుకోలేని సమర్థుడు.

ప్రదాత లేనినాడు

రెండవ ప్రమాణరూపంలో ఒక పద్ధతి ప్రకారం బ్యాడ్జి వివరం ప్రదాత సర్వరులోనే ఉంటుంది. ఆ సర్వరు మూతపడితే సరిచూసే దారి మూసుకుపోతుంది. సంతకంతో నడిచే రెండవ పద్ధతి, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2019లో ఆమోదించిన ధ్రువీకరణయోగ్య పత్రాల నమూనాను అనుసరించిన 3.0 రూపం ఈ చిక్కును చాలావరకు తగ్గించాయి. అయినా సంతకాన్ని సరిచూసే తాళంచెవి ఎక్కడో ఒకచోట పదిలంగా ఉండాలి. మన దేశంలో 2015లో మొదలైన డిజిలాకర్ వెనుక ప్రభుత్వం ఉన్నందువల్ల విశ్వవిద్యాలయ పట్టాలకు ఆ భరోసా కొంత ఉంది. చిన్న సంస్థలు ఇచ్చే బ్యాడ్జీలకు అది లేదు.

ప్రదాతకు బ్యాడ్జిని రద్దు చేసే అధికారం కూడా ఉంది. ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టు కంచుఢక్కను శ్రీనాథుడు పగులగొట్టించిన ఉదంతం చాటువుల ద్వారా ప్రసిద్ధం. దాని చారిత్రకత ఎలా ఉన్నా, ఆ కథలో బిరుదచిహ్నం రద్దయింది వాదం జరిగిన తరువాత, సభ చూస్తుండగా. ఓపెన్ బ్యాడ్జెస్ రెండవ రూపంలో రద్దుకు కారణం తెలపడం కూడా ఐచ్ఛికమే. వృత్తిజీవితం ఆధారపడిన పత్రం విషయంలో ఇది చిన్న లోపమని సరిపెట్టుకోలేము.

ఈ పరికరం నిజంగా ఉపకరించే చోట్లు లేకపోలేదు. తాళపత్రాల లిపిని తప్పులేకుండా చదవడం, శాసనపాఠాన్ని సిద్ధం చేయడం ఎం.ఏ. పట్టా మీద కనిపించని విద్యలు. వాటిలో శిక్షణ ఇచ్చే సంస్థ బ్యాడ్జి ఇవ్వదలిస్తే, అభ్యర్థి చదివిన ఆకుల ఛాయాచిత్రాలను, అతడు రాసిన పాఠాన్ని, పరీక్షకుడు దిద్దిన ప్రతిని రుజువు గడిలో చేర్చవచ్చు. అప్పుడు నియామక సంఘంలోని సభ్యుడు బొమ్మను నొక్కి పచ్చగుర్తు చూసి ఊరుకోనక్కరలేదు. మూడవ ఆకు ఏడవ పంక్తిలో అభ్యర్థి అక్షరాన్ని సరిగా గుర్తించాడో లేదో తానే చూసుకోవచ్చు.