చదువు నడకా, సాధనాల వేగమూ

తెలుగులో ‘ఏకసంథాగ్రాహి’ అన్నది గొప్ప పొగడ్త. గురువు ఒక్కసారి పాఠం చెప్పగానే పట్టేవాడని అర్థం. గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు తిరిగి పలకడం సంథ. అప్పటికీ పట్టుబడకపోతే మరొక సంథ, ఆపైన వల్లె. చురుకైనవాడికి పొగడ్త దక్కినా, మెల్లగా నేర్చేవాడికి కావలసిన జాగా ఆ పద్ధతిలోనే ఉంది. కాలాన్ని అది గంటలతో కాక ఆవృత్తులతో కొలిచింది. బోధనలో సాంకేతిక సాధనాల గురించి జరిగే చర్చ సాధారణంగా పాఠం ఎంత దూరం, ఎంతమందికి, ఎంత త్వరగా చేరుతుందన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. నేర్చుకొనేవాడి నడకను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న అంతగా వినబడదు. సాధనాల చరిత్రను విమర్శదృష్టితో పరిశీలించినప్పుడు ముందుకు వచ్చేది ఈ రెండో ప్రశ్నే.

1823లో బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కాంప్‌బెల్ ఇతడే. జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 226 తెలుగు బడులనీ, మొత్తం 6,641 మంది చదువుతున్నారనీ అతడు లెక్క చెప్పాడు. సగటున బడికి పన్నెండు, పదముగ్గురు. బడిలో చేరిన పిల్లవాడు నేల మీద పోసిన ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకొనేవాడు. అందులో చేయి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో, కడితం మీద బలపంతోనో రాసే యోగ్యత దక్కేది. అంటే సాధనం మారడమే ఒక మెట్టు ఎక్కడం. ఏ నెలలో ఎక్కాలన్నది పంచాంగం చెప్పదు, పిల్లవాడి వేలు చెబుతుంది.

ఇసుక గుణం ఇక్కడ గమనించదగ్గది. దానికి ఖర్చు లేదు, జ్ఞాపకం కూడా లేదు. తప్పు రాస్తే అరచేతితో చెరిపేయవచ్చు, తప్పు జరిగిన ఆనవాలే మిగలదు. తాటాకు అలా కాదు, గంటం గీసిన గీత గీతే. అందువల్ల తప్పులు చేయవలసిన కాలమంతా ఇసుకలో గడిచిపోయేది. ‘దిద్దడం’ అన్న తెలుగు క్రియలో రాసిన అక్షరం మీదే మళ్లీ రాయడం, తప్పును సరిచేయడం అన్న రెండర్థాలూ కలిసి ఉండడం యాదృచ్ఛికం కాదేమో.

అదే ఇసుక సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెప్పే పద్ధతినీ దానికి జోడించి, ఆ అనుభవాన్ని 1797లో లండనులో పుస్తకంగా అచ్చువేయించాడు. అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇటువంటి పద్ధతితోనే లండను పేదపిల్లలకు బడి నడిపాడు. అక్కడ ఒకే ఉపాధ్యాయుడి కింద వందల మంది కూర్చున్నారు. ఆజ్ఞ వినబడగానే వరుస అంతా ఒకే అక్షరం రాయాలి, మరో ఆజ్ఞకు ఇసుక చదును కావాలి. పలకలు ఎత్తి చూపించడానికి సైతం సంకేతాలుండేవి. బళ్లారి పిల్లవాడు తన వేలి నడకన రాసిన ఇసుక, లండనులో కవాతు మైదానమైంది. సాధనం మారలేదు, దాని ముందు కూర్చున్నవారి సంఖ్య మారింది, ఆ సంఖ్యను నడపవలసిన పొదుపు మారింది. సాంకేతికత తనంతట తానే చదువు వేగాన్ని మారుస్తుందనేవారు ఈ ఒక్క ఉదాహరణ ముందు కొంచెం ఆగక తప్పదు.

అయితే పాత బడిని స్వర్గంగా చిత్రించడం కూడా సరికాదు. 1983లో ధరంపాల్ ఈ నివేదికలను సంకలనం చేసి ప్రచురించిన తరువాత వాటిలో గర్వపడదగిన సగాన్నే ఉదాహరించే అలవాటు బలపడింది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటి ఉంది. వ్యవహారంలో లేని భాషలో ఉన్న పద్యాలను పిల్లలు అర్థం తెలియకుండా చిలుకపలుకులుగా వల్లిస్తున్నారని కాంప్‌బెల్ స్వయంగా ఫిర్యాదు చేశాడు. తీరికైన నడక కొద్దిమందికే దక్కింది. దక్కినవారికీ ఆ తీరికలో అర్థబోధ అన్నివేళలా జరగలేదు. అందరికీ చదువు అన్న ఆశయం వచ్చిన నాడే ఉపాధ్యాయుడి కొరతా, దానిని పూరించే యంత్రం కోసం అన్వేషణా మొదలయ్యాయి.

ఆ అన్వేషణలో స్వతంత్ర భారతం వేసిన సాహసవంతమైన అడుగు 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31 దాకా సాగిన ఉపగ్రహ బోధనాత్మక టెలివిజన్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి. ఉదయం బడిపిల్లల కోసం గంటన్నర ప్రసారం. నాలుగు భాషలకు పంచగా తెలుగుకు వచ్చింది ఇరవై రెండున్నర నిమిషాలు. రోడ్డు సరిగా లేని ఊళ్లోకి సైతం శాస్త్రపాఠం బొమ్మలతో వచ్చి చేరిన ఆ ఘనతను తక్కువ చేయలేము. కానీ ఆ ఇరవై రెండున్నర నిమిషాలు ఎవరికోసమూ ఆగవు. అయిదేళ్ల పిల్లకూ పన్నెండేళ్ల పిల్లకూ అదే పాఠం, అదే వేగం. వెనక వరుసలో ఒకరు ‘మళ్లీ చెప్పండి’ అంటే వినే చెవి ఆ పెట్టెకు లేదు. ప్రసారానికి ముందు ఉపాధ్యాయుడు ఏమి సిద్ధం చేశాడు, తరువాత ఏమి చర్చించాడు అన్నదాని మీదే దాని ఫలితం ఆధారపడింది. 2004లో ప్రయోగించిన ఎడ్యుశాట్ దూరపు తరగతినుంచి ప్రశ్న అడిగే వీలు కల్పించినప్పుడు తీర్చబోయింది ఈ లోటునే.

తెలుగునాట చదువు వేగాన్ని అన్నిటికన్నా గట్టిగా మార్చింది బోధనాయంత్రం కాదు, జవాబులు దిద్దే యంత్రం. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు. చాలా ఏళ్లు ఓఎంఆర్ పత్రం మీదా, తరువాత కంప్యూటర్ తెర మీదా సాగిన ఈ పరీక్ష, లక్షలమంది జవాబులను త్వరగా లెక్కకట్టడానికి అవసరమైన ఏర్పాటే. కానీ దిద్దుబాటు కోసం పుట్టిన వేగం వెనక్కి ప్రవహించి తరగతి గదిలో చేరింది. సూత్రం ఎలా వచ్చిందో నల్లబల్ల మీద చూపే గంట కుదించుకుపోయి, దానిని 67 సెకన్లలో వాడే అడ్డదారి పాఠమైంది. ‘ఎందుకు’ అని అడిగే విద్యార్థి కాలహరణం చేసేవాడయ్యాడు. దీని బరువు ఎక్కువగా పడింది ఇంట్లో సందేహం తీర్చేవారు లేని మొదటి తరం విద్యార్థి మీద.

2020లో మహమ్మారి కారణంగా బడులు మూతపడినప్పుడు పాఠం ఇంటింటికీ చేరవలసి వచ్చింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా తరగతులు నడిచాయి. రికార్డు చేసిన పాఠానికి ఉన్న ఒక సుగుణాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి: ఫోన్ చేతిలో ఉన్నవాడు దానిని ఆపగలడు, వెనక్కి తిప్పగలడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని గురువు దొరికినట్లే. కానీ అదే మీటకు పక్కన ఒకటిన్నర రెట్ల వేగం, రెండు రెట్ల వేగం కూడా ఉన్నాయి. పోటీ పరీక్షల విద్యార్థి వాటినే నొక్కుతున్నాడు. అతడికి కావలసింది పాఠం కాదు, పాఠం అయిపోవడం. మీటను ఎటు తిప్పినా ఒక తేడా మాత్రం మిగిలిపోతుంది. సంథలో రెండింతలు పలికేది శిష్యుడు. వీడియోలో ఎన్నిసార్లు తిప్పినా పలికేది గురువే.

చదువు వేగం ఇప్పుడు విధానపత్రాలలో నేరుగా లక్ష్యంగానే కనబడుతోంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్, మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకొంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలన్నది. చదవడమే రాని పిల్లలను గుర్తించడానికి అటువంటి కొలత అవసరమే. కాని మాట అంటే ఎంత? ‘చెప్పించుకోవాలనుకుంటున్నాడు’ అన్నది తెలుగులో ఒకే మాట. హిందీలోనో ఇంగ్లీషులోనో అదే భావం నాలుగైదు మాటలకు పైగా పరుచుకొంటుంది. వత్తులూ గుణింతాలూ కూడబలుక్కొంటూ దానిని పలికిన పిల్ల ఖాతాలో పడేది ఒకటే అంకె. 2022లో జాతీయ స్థాయిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనం ఈ చిక్కును గుర్తించి, ఇరవై భాషలకు వేర్వేరుగా కొలతలు నిర్ణయించింది. ఆ తేడా నివేదికలో నిలిచిపోకుండా, గడియారం చేతబట్టి పిల్లముందు కూర్చొనే పరిశీలకుడికీ, అతడు నింపే పట్టికకూ చేరవలసి ఉంది.