అకాలమృత్యువు – అలిశెట్టి ప్రభాకరు కవిత్వము

చిన్నవయస్సున కవి మరణించినపుడు మనవారు తప్పక పలుకు మాటలు రెండు కలవు. ‘విధి యాతనిని మనకు దక్కనీయలేదు’ అనునది మొదటిది. ‘బ్రదికియున్నచో నెంతటివా డయ్యెడివాడో’ అనునది రెండవది. రెండును జాలిగుండెనుండి వచ్చునవే. కాని మొదటిమాట మన బాధ్యతను మరుగుపరచును. రెండవమాట ఆతడు చేసిపోయిన పనిని మరుగుపరచును. ఆనాటి కరీంనగరు జిల్లాలోని జగిత్యాలలో బుట్టి, 1993వ సంవత్సరము జనవరి 12వ తేదీన, తన పుట్టినదినముననే, నలువదియేండ్లయిన నిండకుండ క్షయరోగముచేత హైదరాబాదులో కన్నుమూసిన అలిశెట్టి ప్రభాకరు విషయమున ఈ రెండు కీడులును జరుగుచున్నవి.

ప్రభాకరు మొదట చిత్రకారుడు, పొట్టకూటికై ఛాయాగ్రాహకుడు. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగరులో ‘శిల్పి’, హైదరాబాదులో ‘చిత్రలేఖ’ అను స్టూడియోలను ఒకదాని తరువాత నొకటి పెట్టి సంసారము నీడ్చెను. తొలి సంపుటమైన ‘ఎర్ర పావురాలు’ 1978లో వెలువడినది. ఆ యేడు సెప్టెంబరులోనే వెట్టిని, దొరల పెత్తనమును ఎదిరించి జగిత్యాలలో రైతుకూలీలు వేలకొలది జైత్రయాత్ర సల్పిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను. ఆ కాలపు వేడియే ఈ కవికి ఉగ్గుపాలు. పిదప ‘మంటల జెండాలు’ 1979లోను, ‘చురకలు’ 1981లోను, ‘రక్తరేఖ’ 1985లోను, ‘సంక్షోభ గీతం’ 1990లోను, ‘సిటీలైఫ్’ 1992లోను వచ్చినవి. పదునాలుగేండ్లలో నింత వ్రాసినవానిని వికసింపకయే రాలిన మొగ్గ యనుట న్యాయమా?

ఆతని కవితలు మిక్కిలి చిన్నవి. కొన్ని నాలుగైదు పంక్తులకు మించవు. ఛాయాచిత్రము తీయువాడు చట్రములో నేమి యుంచవలెనను దానికంటె, దానినుండి యేమి తొలగింపవలెనను దానినే యెక్కువగ నాలోచించును. ప్రభాకరు కవితారహస్యమును ఇదియే. వర్ణన లేదు, ఉపోద్ఘాతము లేదు. ఒక దృశ్యము, దానిపై నొక్క వెలుగు. వేశ్యనుగూర్చి యాతడు వ్రాసిన చిన్నకవితను చూడుడు. ఒక మాటలోని యక్షరములను తారుమారు చేసి వేరొక మాట పుట్టించును. మన పూర్వకవులు శబ్దచమత్కారమునకు వాడిన విద్యయే యిది. ఇతడు దానిని కరుణకు వాడినాడు. ఆ స్త్రీని నిందింపడు. ఆమెకు నీతి బోధింపడు. ఆమె దేహమును పంచుకొనిపోవు లోకమును మాత్రము మనయెదుట నిలువబెట్టును. వేశ్యావృత్తిని ఖండించుచు మనవారు వ్రాసిన పెక్కు వ్యాసములలో లేని మర్యాద ఆ కొద్ది పంక్తులలో నున్నది.

అయినను చనిపోయినవాడన్న జాలిచే దోషములను కప్పిపుచ్చుట విమర్శ కాదు. చురక యను ప్రక్రియకు సహజమైన లోపమొకటి కలదు. ఒక్కటి చదివినపుడు చుఱుక్కుమనును. ఇరువది వరుసగ చదివినచో తుదిపంక్తిలోని పోటును పాఠకుడు ముందే యెదురుచూచును. ‘సిటీలైఫ్’ కవితలు ఆంధ్రజ్యోతి దినపత్రికకై వ్రాసినవి. పత్రిక గడువునకు తలయొగ్గి వ్రాసినచోట్ల కొన్ని మాటల గారడిగనే మిగిలినవి. కాని యీ సంపుటముననే వేరొక మార్పును కానవచ్చును. తొలినాళ్ల కవితలలో శత్రువు ఎదుటనుండెడివాడు. ఇచ్చట వ్రేలు నగరవాసియైన మనవైపు, మన నిర్లక్ష్యమువైపు తిరిగినది. ఆతని మరణమువలన మనము నిక్కముగ గోలుపోయినది ఈ మార్పుయొక్క ఫలము.

ఇక విధి మాట. ఆంగ్లకవి కీట్సు 1821లో ఇరువదియైదవ యేట ఇదే రోగముచే రోమునగరమున మరణించెను. అప్పటికి క్షయకు కారణమేమో యెవరికిని తెలియదు. కోకు పండితుడు ఆ క్రిమిని కనుగొన్నట్లు 1882లో ప్రకటించెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ అను మందు దొరకెను. 1956లో మద్రాసున స్థాపితమైన పరిశోధనాలయము, మందు క్రమముగ వాడినచో ఇంటియందుండియే క్షయ కుదురునని లోకమునకు చూపినది. కావున కీట్సు మరణమునకును ప్రభాకరు మరణమునకును పోలిక లేదు. మందులేని రోగముతో పోయినవాడు ఆతడు. మందున్న రోగముతో పోయినవాడు ఇతడు. మందునకును రోగికిని నడుమ నిలిచినది విధి కాదు, దారిద్ర్యము. నెలలతరబడి తప్పక మందు పుచ్చుకొనవలెను, కడుపునిండ తిండి కావలెను, విశ్రాంతి కావలెను. స్టూడియో తలుపు తెరచినగాని పొయ్యి వెలుగనివానికి విశ్రాంతి యెక్కడిది? ప్రభాకరు పోయిన మూడునెలలకు, 1993 ఏప్రిలున, ప్రపంచ ఆరోగ్యసంస్థ క్షయను ప్రపంచమంతటికిని అత్యవసర విపత్తుగ ప్రకటించెను.

ఇప్పటికిని సభలలో ఆతని పంక్తులు వినబడును, గోడలపై కనబడును. అది గౌరవమే. కాని నాలుగు పంక్తులు వల్లించి, నాలుగు కన్నీటిబొట్లు విడిచి లేచిపోవుట సులభము. మిత్రులు 2013లో ఆతని కవితలన్నిటిని ఒక్క సంపుటముగ వెలువరించిరి. దానిని ఇంటికి తెచ్చి, మంచిచెడ్డలను విచారించుచు తుదివరకు చదువుటయే కవికి చేయదగిన స్మృతి. మనుష్యునకు చేయదగినది వేరొకటి కలదు. మన వాడలో వారములతరబడి దగ్గుచున్న కూలివాడో, దర్జీయో, ఛాయాగ్రాహకుడో యుండును. నేడు ప్రభుత్వవైద్యశాలలలో క్షయకు పరీక్షయు మందును ఉచితముగ లభించుచున్నవి. ఆతనిని చేయిపట్టి యచ్చటికి తీసికొనిపోవుడు. మందు ముగియువరకు ఆతని యింట పొయ్యి ఆరకుండ చూడుడు. ఆతడు కవి యగునా కాడా యని విచారింప నక్కరలేదు.