కాలవ తవ్వినోళ్ళ కథ: మూడు పుస్తకాలు

ఈ మధ్య మేము మూడు పుస్తకాలు వరసగా చదివాం. ఒకటి జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000). రెండోది ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ స్వీయకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' (1914). ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసిపెట్టింది. మూడోది ఎమ్మా మాదిగల గురించి రాసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' (1899). వీటిని కలిపి చదవడానికి కారణం బకింగ్‌హాం కాలువ. విడవలూరు నించి సముద్రం వైపు పోతే అడ్డమొచ్చే కాలవే అది. దాని పేరు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకుది. తవ్విన చేతులు ఎవరివో ఆ పేరు చెప్పదు.

చెప్పకపోగా ఇంకో మాట మిగిలింది: "కూటికోసం మతం పుచ్చుకున్నోళ్ళు." కోస్తా జిల్లాల్లో పల్లెల్లో పుట్టి బడికి పోయిన మాలమాదిగ పిల్లలు ఈ మాట వినకుండా పదో తరగతి దాటరు. మేమూ వింటూనే పెరిగాం. 1876-78 కరువులో కాలవ పని దగ్గర గంజి పోసి బాప్తిస్మం ఇచ్చారన్నది ఆ ఎత్తిపొడుపు సారం. ఈ మూడు పుస్తకాలనూ మేము ఆ మాటకు ఎదురుపెట్టి చదివాం.

క్లౌకి సర్వే పని తెలుసు. కరువులో ఆయన మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. అంటే మాదిగ కూలీ మీద అజమాయిషీకి మాదిగ మనిషే నిలబడ్డాడు. కూలీ చేతికి కూలి వచ్చింది. కరువు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం వచ్చారన్న నింద రాకూడదన్నదే ఆయన లెక్క. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకెను మిషన్ చరిత్రలన్నీ గొప్పగా చెప్పుకుంటాయి. మాకు మాత్రం అంకె దగ్గర అడుగు ఆగింది. రెండువేల పైచిలుకు మనుషులు ఏమనుకుని ఏట్లోకి దిగారు? క్లౌ పుస్తకంలో వాళ్ళు ఆయన పని ఫలితంగా కనిపిస్తారే గానీ ఆలోచించే మనుషులుగా కనిపించేది తక్కువ.

ఆ లోటును కొంత ఎమ్మా పుస్తకం తీరుస్తుంది. ఉపశీర్షికలోనే మాదిగల్ని 'పరయా తెగ' అనడం మాకు గుచ్చుకుంది. అయినా అరుంధతి, మాతంగి కథల్ని ఆమె ఓపికగా విని రాసింది. ఎర్రగుంట్ల పేరయ్య కథ కూడా అందులో ఉంది. పేరయ్య మాదిగ. రాజయోగం నేర్చినవాడు, గురువుల వెంట తిరిగినవాడు. దేవుణ్ణి వెతుక్కుంటూ తనే మిషన్ దగ్గరికి నడిచి వచ్చాడు. అది 1866 నాటి మాట, కరువుకు పదేళ్ళ ముందు! గంజి ముంత ఇంకా పొయ్యి మీదికి ఎక్కని రోజులు. ఆకలే మతం మార్పించిందనే పండితులు పేరయ్యకు ఏం జవాబు చెబుతారు?

కళ్యాణరావు నవల ఈ ప్రశ్నను ఇంకో మెట్టు పైకి తీసుకుపోయింది. కరువులో శివయ్య కాలవ పనికి నడిచిపోతాడు. అంటరానోళ్ళు తమతో కలిసి మట్టి తవ్వకూడదని పైకులాల వాళ్ళు తరిమికొడతారు. చావు ముందర కూడా కులం వదల్లేదు. మేము ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాం. ఎందుకంటే ఎత్తిపొడుపు అక్కడ తలకిందులవుతుంది. మనవాళ్ళు అడిగింది ఉచితంగా కూడు కాదు, పని. పని కూడా దొరకనియ్యని ధర్మాన్ని వదిలి, పక్కన నిలబెట్టుకున్నవాళ్ళ దగ్గరికి పోయారు. శివయ్య సీమోను అయ్యింది అందుకు. దాన్ని అమ్ముడుపోవడం అంటే, తరిమినోడి తప్పు తరమబడ్డవాడి నెత్తిన రుద్దడమే.

నవల మీద మాకు పేచీ లేకపోలేదు. కథంతా రూతు జ్ఞాపకాల గుండా నడుస్తుంది. మొగుడి తాతముత్తాతల్ని ఆమె ప్రాణంపెట్టి చెబుతుంది. తన బతుకు మాత్రం పక్కకు పెట్టేస్తుంది. చివరి తరాలు సాయుధపోరాటంలోకి పోయే భాగం మరీ వేగంగా సాగింది. మొదటి భాగంలో ఆట, పాట, కరువు తీసుకున్న సమయం అక్కడ లేదు. రచయిత రాజకీయ విశ్వాసం ముందు నడిచి, మనుషులు వెనకబడ్డారనిపించింది. అయినా మూడు పుస్తకాల్లో మమ్మల్ని లోపలినించి చూసింది ఇదొక్కటే.

ఇదంతా పాత గొడవ అనుకోవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. దళిత క్రైస్తవులకు సడలించలేదు. అందుకే మన వాడల్లో సీమోనుకు చర్చి రిజిస్టర్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. రెండు పేర్ల మధ్య నలిగేది అతను. అబద్ధమాడుతున్నాడని వేలెత్తి చూపేది మళ్ళీ అతన్నే!

విద్యార్థులు ఈ నవలను పరీక్షకోసం కాకుండా, మిషనరీ పుస్తకాల పక్కన పెట్టుకుని చదవాలి. టీచర్లు కాలవ పాఠం చెప్పేటప్పుడు డ్యూకు పేరుతో ఆపకూడదు. వాడల్లో ముసలోళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ తాతలు ఏ కాలవ తవ్వారో, ఏ మేస్త్రీ తరిమాడో, ఎవరు పక్కన కూర్చోబెట్టుకున్నారో అడిగి రాసుకోవాలి. ఆ నాలుగో పుస్తకం ఇంకా రాలేదు. దాన్ని రాయాల్సింది మనమే.