అనామతు ఖాతా

నెల కడపటి దినమున, రాత్రి భోజనమైన పిదప, బెజవాడ గవర్నరుపేటలోని మా యింటి వసారాలో ఎర్రగుడ్డ అట్ట గల పొడుగుపాటి పుస్తకమొకటి ముందు వేసికొని కూర్చుండుట నాకు నాలుగేండ్లుగా అలవాటైనది. నేర్చినదేమి, చేసిన పనియేమి, దేహమును చూచుకొన్న తీరేమి అని మూడు ఖాతాలుగా ఆ నెలను దింపుదును. దీనిని డైరీయనుట నాకిష్టము లేదు. ఇది మా తాతగారి నుండి వచ్చిన విద్య గనుక ఆయన వాడిన మాటలే దీనికి తగును.

తాతగారు వన్‌టౌనులో ఒక బియ్యపు కొట్టున గుమాస్తా. కొట్టు కట్టుటకు ముందు చిట్టా తెరచి, ఎడమ వైపున జమయు కుడి వైపున ఖర్చును, ఏది యెప్పుడు జరిగెనో ఆ వరుసనే వ్రాసి, పెట్టెలోని రొక్కమును లెక్కించి, నిల్వ సరిపోయిన గాని ఆయన ఇల్లు చేరెడివారు కారు. ఒకనాడు అణా తక్కువ వచ్చినందున రాత్రి పదకొండు గంటల దాక కూర్చుండి, అది గోనెసంచులు కుట్టువానికి టీ త్రాగుమని యిచ్చినదని తేల్చుకొని, ఆ పద్దు వ్రాసి, అప్పుడు గాని లేవలేదట. ఆవర్జా మాట వేరు. చిట్టాలోని పద్దులను ఏ ఖాతావి ఆ ఖాతాకు ఎక్కించునది ఆవర్జా. “ముందు చిట్టారా, తరవాతే ఆవర్జా. నేరుగా ఆవర్జా రాసేవాడి లెక్కలు ఆ దేవుడికే ఎరుక” అని ఆయన నాతో అనిన దినమున నాకు పదేండ్లు. ఆ మాటకు అర్థము తెలియుటకు అరువది దాటవలసి వచ్చినది.

మొన్న మార్చిలో నేను చిట్టా విడిచిపెట్టితిని. పెండ్లిండ్లు, ప్రయాణములు, వారము వారము ఈ శీర్షికకు గడువు తరుముకొని వచ్చుట, ఇట్టి సాకులు కావలసినన్ని దొరికినవి. నెలాఖరున జ్ఞాపకము మీద ఆధారపడి తిన్నగా ఆవర్జాయే నింపితిని. దేహము ఖాతాలో ‘నడక 22 దినములు’ అని వ్రాయుచుండగా, ప్రక్కన పడుకొనియున్న మా మనుమడు నా సెల్‌ఫోను తీసి, వ్రేలితో అటునిటు త్రోసి చూచి, “తాతయ్యా, నువ్వు నడిచింది పదకొండు రోజులే, ఇందులో ఉంది” అనెను. ఫోను ఇంట మరచిపోయిన దినములు కలవని వాదించితిని గాని వాని నవ్వునకు నాయొద్ద జవాబు లేదు. ఆ 22 ఎచట నుండి వచ్చెనని తరువాత యోచించితిని. అది నేను చెప్పులు తొడుగుకొని వీధిలోనికి దిగిన దినముల సంఖ్య. అందు సగము దినములు వీధి మలుపునగల కాఫీ హోటలు వద్దనే ముగిసినవి.

ఏప్రిలు నుండి చిట్టా మరల ఏ దినమునకాదినము నడచుచున్నది. అయితే వేరొక చిక్కు తలయెత్తినది. దినమునకు నలుబది నిమిషములు నడువవలెనని డాక్టరుగారి ఆజ్ఞ. చిన్ననాడు తప్పించుకొని తిరిగిన అమరకోశమును ఇప్పుడైన కంఠస్థము చేయవలెనని నాకు నేను విధించుకొన్న శిక్ష. పడకకుర్చీలో కూర్చుండి వల్లించిన శ్లోకము మధ్యాహ్నపు కునుకుతో జారిపోవుచుండెను. ఒకనాటి ప్రాతఃకాలమున ప్రకాశము బ్యారేజి మీద నడచుచు స్వర్గవర్గమును నెమరు వేసికొనుచుండగా, ఒక్కొక్క తలుపు దాటుసరికి ఒక్కొక్క శ్లోకము ముగియుచుండుట గమనించితిని. 1957లో పూర్తియైన ఆ కట్టడమునకు 70 తలుపులు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. నా వంటివాని నడకకు ఆ దూరము సరిగా ఒక అనుష్టుప్పు. నాటి నుండి ఏ తలుపు దగ్గర తడబడిన శ్లోకము ఆ తలుపు దగ్గరనే, అచటి తుప్పు మరకతో సహా, తిరిగి వచ్చి నాలుక మీద నిలుచుచున్నది.

ఇక దీనిని ఏ ఖాతాకు ఎక్కింతును? విద్యకా, దేహమునకా? ఈ వ్యాసమునకు ఊహ పుట్టినదియు అచటనే గనుక పని ఖాతా కూడ వాటా కోరును.

బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలవారికి ఈ తగవు ఉన్నట్లు తోపదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు తలపెట్టిన ఆ విద్యాలయమున చదువును చేతిపనులును చిత్రలేఖనమును ఒకే కప్పు క్రింద నడచినవి. పట్టాభిగారి మాట చెప్పనేల? చదివినది వైద్యము, 1923లో ఆ యూరనే స్థాపించినది ఆంధ్రా బ్యాంకు, క్విట్ ఇండియా కాలమున అహమ్మదునగరు కోటలో బందీయై యుండి వ్రాసికొన్నది, నానావిషయములు కలగలిసి 1946లో వెలువడిన ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’. బ్యాంకు పెట్టినవాడై యుండియు ఆయన తన దినములను ఖాతాలుగా చీల్చుకొనలేదు. (వేయిపడగలను 29 దినములలో చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధిగల విశ్వనాథ సత్యనారాయణగారు మా బెజవాడ కళాశాలలో పాఠములు చెప్పినవారే. వారి ఆ నెల ఆవర్జా కంటబడిన, ముందుగా నిద్ర ఖాతా చూడవలెనని నా కోరిక.)

తాతగారి పుస్తకములలో ఇట్టి చిక్కునకు ఒక చోటు ఉండెడిది. సొమ్ము వచ్చినది నిజమే, ఎవరి ఖాతాదో తేలలేదు. అట్టిది అనామతు ఖాతాలో పడును. ఆ ఖాతా పెరుగుట ఆయనకు కంటగింపు. సంవత్సరాంతమునకు దానిని తుడిచివేసిన గాని ఉగాది పచ్చడి రుచించెడిది కాదు. నా పుస్తకమున అది తక్కిన మూడింటిని మించి పెరుగుచున్నది. నాకు చింత లేదు సరిగదా, నెల తిరుగగానే మొదట ఆ పుటయే తెరచుచున్నాను.

మే నెల చిట్టాలో ఒక పద్దు కలదు. పొలములకు పనిలేని వేసవిలో కాలువలు కట్టివేసి మరమ్మతులు చేయుదురు గదా. ఆ యుదయమున బ్యారేజికి పోవుచు, నీరు లేని బందరు కాలువ గట్టున నిలిచిపోతిని. ఏడాది పొడుగున నీటి క్రింద ఉండు రాతిమెట్లు మరి నాలుగు బయటపడియున్నవి. పూడిక తీయు మనిషియొకడు బురదలోనుండి ఇత్తడి చెంబునొకదానిని పైకి లాగి, మడుగులో మిగిలిన నీటితో తోమి, ఎండకు ఎత్తి చూచి, “ఎవరిదండీ ఇది?” అని గట్టు మీదివారినందరిని అడిగెను. ఎవరును పలుకలేదు. అతడు దానిని పై మెట్టున బోర్లించి మరల బురదలోనికి దిగెను. నేను గంటన్నర యచటనే యుంటిని. ఆనాడు నడక సాగలేదు, శ్లోకము లేదు, వ్రాత లేదు. ఆ పద్దు ఇంకను అనామతులోనే యున్నది.