గెడ్డలో నానిన దుంప

ముష్టి చెట్టూ చిల్ల చెట్టూ దగ్గరి చుట్టాలు. వృక్షశాస్త్రం రెంటినీ స్ట్రిక్నోస్ ప్రజాతిలోనే చేర్చింది. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి వాన నీళ్లు పోస్తే బురద అడుగుకు దిగి, తేట పైన నిలుస్తుంది. ముష్టి గింజ అలా కాదు. రూపాయి బిళ్లంత ఉంటుంది, చదునుగా, పైన మెత్తటి బూడిదరంగు నూగుతో. అందులోని స్ట్రిక్నిన్ కడుపులో పడితే మనిషి స్పృహలో ఉండగానే విల్లులా వంగి బిగుసుకుపోతాడు. అరకు, పాడేరు కొండల్లో రెండు గింజలనూ ఏరి అమ్ముకుంటారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో రెండూ ఉన్నాయి.

మైదానంలో మనం విషపు మొక్కను దేవుడికి అప్పగించాం. ఉమ్మెత్త పువ్వు గరళకంఠుడికి, జిల్లేడు ఆకు రథసప్తమి స్నానానికి. నల్లజీడి గింజను దిష్టికి కట్టాం. కొండమీద విషంతో కాపురం చెయ్యాలి కాబట్టి దాన్ని విరవడం నేర్చుకున్నారు.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది చేదు దుంప వంట. పల్చగా చక్రాలు తరిగి, ఉడికించి, బుట్టలో పెట్టి పారే గెడ్డలో రాత్రంతా ఉంచుతారు. నిలవ నీరు చాలదు, పారే నీరే విషాన్ని లాక్కుపోవాలి. ఒక పెద్దావిడ మర్నాడు ముక్క కొరికి ఉమ్మేసి, "ఇంకా పోనేదు బాబూ, రేపు తిందువు గానీ" అంది. ఇంట్లో ఆకలి ఉంది. అయినా బుట్ట మళ్లీ నీళ్లలోకే వెళ్లింది. ఏ ప్రయోగశాలలోనైనా ఇంతకు మించిన నిష్ఠ ఉంటుందనుకోను.

ఆకలి ముదిరితే ఆ ఓపిక నిలవదు. 2024లో ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో, మామిడి టెంక జావ తాగి మహిళలు చనిపోయారు. టెంక విషం కాదు. ఈ కొండల్లో వానాకాలపు తిండి అది. తడి తగిలి బూజు పట్టిన పిండే ప్రాణం తీస్తుంది. అలాంటప్పుడు గిరిజనుల అజ్ఞానం అనేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. బియ్యం నిండుకున్న ఇంట్లో బూజు పిండిని పారబోయడం ఎవరి తరం?

పట్నం నుంచి వచ్చేవాళ్ల సంగతి వేరు. పొదల మీద మంటరంగులో పూసిన అడవినాభిని మూలిక అని తవ్వుకుపోతారు. దాని దుంపలోని కోల్చిసిన్‌ను గౌట్ నొప్పికి డాక్టర్లు మిల్లీగ్రాముల్లో తూచి ఇస్తారు. దుంప ముక్కలో ఎంతుందో ఎవరు తూచారు?

పొరపాటున తింటే పసర్లతో పొద్దు పుచ్చకండి. మిగిలిన ముక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. స్ట్రిక్నిన్‌కు విరుగుడు మందంటూ లేదు, మూర్ఛలను ఆపి ఊపిరి నిలబెట్టడమే వైద్యం. అరకు నుంచి విశాఖ పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు.