సైనికుడు చూసిన పల్లె, పట్నం

వియత్నాం యుద్ధమనగానే మనలో చాలామందికి అమెరికా సినిమాలే జ్ఞాపకం వస్తాయి. హెలికాప్టరు పైనుంచి చూస్తే పల్లె అంటే పొగ, తగలబడే గుడిసెలు, పరుగెత్తే మనుషులు. ఆ మనుషులకు పేర్లుండవు. అదే యుద్ధాన్ని నేలమీద నడిచిన వియత్నాం సైనికుడెట్లా చూశాడో తెలియాలంటే బావో నిన్ నవల చదవాలి. 1952లో పుట్టిన ఈ రచయిత 1969లో ఉత్తర వియత్నాం యువదళంతో యుద్ధానికి వెళ్లాడు. ఆ దళంలోని 500 మందిలో మిగిలినవారు 10 మందేనని, వారిలో ఈయన ఒకరని చెబుతారు. నవల 1990లో ‘ప్రేమ గతి’ అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడినా, లోకం దానిని ‘యుద్ధ దుఃఖం’గానే ఎరుగును. మేము చదివినది ఆంగ్లానువాదం.

చదివినది కతార్‌లో. రాస్ లఫాన్ గ్యాస్ కర్మాగారంలో పనిచేసే మా బంధువు ఇంట సెలవులు గడిపినప్పుడు. దోహాకు ఉత్తరంగా 80 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున వెలసిన పారిశ్రామిక నగరమది. 1996 డిసెంబరులో అక్కడినుంచే మొదటి గ్యాస్ నౌక జపానుకు బయలుదేరింది. కరీంనగర్, నిజామాబాద్ వైపునుంచి అక్కడికి వచ్చిన కుర్రవాళ్లను ఊరి సంగతి అడిగితే చెరువు, పొలం, అమ్మ అంటూ ఆగకుండా చెబుతారు. కతార్ ఎట్లా ఉందని అడిగితే ‘ఎండ’ అని ఊరుకుంటారు.

బావో నిన్ చూపిన పల్లె కూడా ఇట్లాంటిదే. కాన్ అనే రైతుబిడ్డ సైన్యం విడిచి పారిపోదామనుకుంటాడు. ఇంటివద్ద తల్లి ఒంటరిది. అడవిలో వాన కురుస్తుండగా కథానాయకుడు కియెన్‌తో ఆ మాట చెప్పుకుంటాడు. వరిపొలాల పల్లె మనకు కనిపించేది అతని బెంగలోనే. పారిపోయినవాడు ఇల్లు చేరడు, శవమై దొరుకుతాడు. పల్లెను వర్ణించకుండానే పల్లె విలువ తెలియజేసిన ఈ ఘట్టం నవలకంతటికీ తలమానికమని మా అభిప్రాయం.

పట్నం సంగతి వేరు. హనోయి వీధులు, సరస్సు ఒడ్డు, ఇరుగుపొరుగు వాటాలున్న పాత మేడ, ఇవన్నీ రచయిత సొంత కళ్లతో చూసినవి. 1976లో సైనికులు ఇంటికి తిరిగి వచ్చే రైలులో లౌడ్ స్పీకర్లు హితబోధలు చేస్తూనే ఉంటాయి, గాయపడినవారి చెవులకు విశ్రాంతి లేదు. గెలిచిన పక్షం సైనికుడే ఇట్లా రాయడం చిన్న సాహసం కాదు.

లోపాలు లేకపోలేదు. యుద్ధం జరిగిన మధ్య ఎత్తుభూములు జరాయ్, ఎడే మొదలైన గిరిజనుల నేల. నవలలో ఆ అడవి నిండా దయ్యాలే తప్ప, పేరుగల గిరిజనుడు మాకు జ్ఞాపకం లేడు. హెలికాప్టరు చూపు తప్పని చెప్పిన రచయిత కళ్లకు కూడా ఆ పొగ కొంత అంటిందన్నమాట! ఫువాంగ్ పాత్ర విషయంలోనూ మాకు అసంతృప్తే. ఆమె పడిన బాధ యావత్తూ కియెన్ దుఃఖానికి కట్టెలుగా ఉపయోగపడింది. ఆమె మాట మనకు వినబడదు.

ఇది మనకెందుకని కొందరు పెద్దలు అడుగుతున్నారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస దస్తావేజుల్లో మన ముత్తాతల పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ కూడా ఉన్నాయి. చెరుకుతోటలో దిగిన నాడు వారి కంటికి ఏమి కనిపించిందో మాత్రం ఆ గుమాస్తా రాయలేదు. వియత్నాంలో అది రాసుకున్నవారున్నారు. ట్రాన్ తు బిన్ 1927లో మూడేళ్ల ఒప్పందం మీద ఫు రియెంగ్ రబ్బరు తోటకు కూలీగా వెళ్లాడు. 1930 సమ్మెకు నాయకుడై జైలు అనుభవించాడు, తరువాత సేనాని అయ్యాడు. ఆయన తోట జ్ఞాపకాలు 1985లో ఆంగ్లంలో వచ్చాయి. మన సాయంకాలపు తెలుగు తరగతిలో పెద్ద పిల్లలకు ముందు దానిని చెప్పి, బావో నిన్‌ను ఆ తరువాత చేతికివ్వాలని మా కోరిక.